తూటాల చిట్టాలో ఎవరి పేరు?

2007లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర రాజధాని శాక్రమెంటో నగరపాలక మండలి ఒక చట్టం చేసింది. నగరంలో తూటాలు అమ్మే ప్రతి దుకాణందారూ కొన్న మనిషి పేరు, చిరునామా, పుట్టిన తేదీ, ఏ రకం తూటాలు ఎన్ని కొన్నాడనేది రాసుకోవాలి. సంతకంతోబాటు కుడిచేతి బొటనవేలి ముద్ర తీసుకోవాలి. ఆ వివరాలు కంప్యూటరు ద్వారా పోలీసులకు చేరాలి. 2008 జనవరి నుంచి ఇది అమల్లోకి వచ్చింది.

ఎక్కడో అమెరికాలో ఒక నగరం తూటాల లెక్క రాసుకుంటే దళిత చరిత్ర రాసుకునేవాళ్లకు దాంతో ఏం పని? ఈ ప్రశ్న ఎవరైనా అడగొచ్చు. ఆయుధం ఎవరి చేతిలో ఉండాలి, ఎవరి చేతిలో ఉండకూడదు అని నిర్ణయించడం వర్ణ వ్యవస్థ మొదటి పనుల్లో ఒకటి. శస్త్రం ఒక వర్ణానికి ధర్మం, మరో వర్ణానికి నేరం. ఈ ధర్మానికి ఆధునిక రాజ్యం పెట్టిన పేరు లైసెన్సు. దానికి తెరిచిన పుస్తకం పేరు రిజిస్టరు. ఆ పుస్తకం మీద అమెరికాలో నల్లవాళ్ల వాడల మధ్యనే నూటయాభై ఏళ్లకు పైగా పోట్లాట నడుస్తున్నది. మన దగ్గర ఆ పుస్తకం ఉన్నదనే సంగతే చర్చకు రాలేదు. ఈ తేడా ఎందుకొచ్చిందో చూడాలన్నదే మా ప్రయత్నం.

ఒకే నగరం, రెండు చట్టాలు

శాక్రమెంటోకు ఇదే మొదటి ఆయుధ చర్చ కాదు. 1967 మే 2న బ్లాక్ పాంథర్ పార్టీకి చెందిన ముప్పైమంది స్త్రీపురుషులు ఇదే నగరంలోని శాసనసభ భవనంలోకి తుపాకులతో నడిచి వెళ్లారు. ఎవరినీ కాల్చడానికి కాదు. ఆక్‌లాండ్‌లో పోలీసుల వెనకాలే తిరుగుతూ, నల్లవాళ్లను ఆపి కొట్టకుండా కాపలా కాస్తున్న తమ మీద చట్టం తేబోతున్నారని చెప్పడానికి. అప్పటి కాలిఫోర్నియా చట్టం ప్రకారం తుపాకీని నలుగురికీ కనబడేట్టు పట్టుకు తిరగడం నేరం కాదు. తెల్లవాడు పట్టుకు తిరిగినన్నాళ్లూ అది ఎవరికీ కష్టం అనిపించలేదు. నల్లవాడు పట్టుకోగానే చట్టం మారింది. డాన్ మల్ఫోర్డ్ అనే రిపబ్లికన్ శాసనసభ్యుడు బిల్లు పెట్టాడు, గవర్నర్ రొనాల్డ్ రేగన్ సంతకం చేశాడు. తుపాకీ హక్కులకు తామే కాపలాదారులమని తర్వాత చెప్పుకున్న నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆనాడు ఈ బిల్లుకు మద్దతిచ్చింది.

ఆ చట్టం నిషేధించింది తూటా నింపిన తుపాకీతో బహిరంగ స్థలంలో తిరగడాన్ని. అంటే గురి తుపాకీ మీద కాదు, అందులోని తూటా మీద. ఖాళీ తుపాకీ ఒక కట్టెతో సమానం. తూటా పడ్డాకే అది అధికారం అవుతుంది. రాజ్యానికి ఈ సంగతి బాగా తెలుసు.

చట్టంలో ఎక్కడా నల్లవాడు అన్న మాట లేదు. అందరికీ వర్తించే భాషలోనే రాశారు. కానీ ఎవరిని చూసి రాశారో అందరికీ తెలుసు. మన దగ్గర ఊరి కట్టుబాటు కూడా ఇట్లాగే ఉంటుంది గదా! రచ్చబండ మీద మాల మాదిగలు కూర్చోవద్దని ఏ పంచాయతీ రికార్డులోనూ ఉండదు.

1865: మందుగుండు కూడా

దీని వెనక ఇంకా పాత చరిత్ర ఉంది. అమెరికాలో అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం పోయిన ఏడాదే, 1865 నవంబరులో, మిసిసిపి రాష్ట్రం నల్లవాళ్ల కోసం ప్రత్యేక చట్టాలు చేసింది. వాటినే బ్లాక్ కోడ్స్ అంటారు. సైన్యంలో లేని, కౌంటీ బోర్డు నుంచి లైసెన్సు పొందని ఏ నల్లవాడూ తుపాకీ గానీ, మందుగుండు గానీ, పెద్ద కత్తి గానీ ఉంచుకోకూడదని అందులో ఒకటి చెప్పింది. లైసెన్సిచ్చే బోర్డు ఎవరిది? నిన్నటిదాకా ఆ నల్లవాళ్లకు యజమానులైన వాళ్లది. బానిసత్వాన్ని రాజ్యాంగంలోంచి తీసేసి లైసెన్సు పుస్తకంలో మళ్లీ రాసుకున్నారన్నమాట.

ఇట్లాంటి చట్టాలను రద్దు చేయడానికే 1866లో పౌరహక్కుల చట్టం, 1868లో 14వ రాజ్యాంగ సవరణ వచ్చాయి. అయితే 1873లో లూసియానాలోని కోల్‌ఫాక్స్‌లో తెల్ల మూకలు పదుల సంఖ్యలో నల్లవాళ్లను చంపాయి. ఆ కేసులో 1876లో అమెరికా సుప్రీంకోర్టు, ఆయుధ హక్కు అనేది కేంద్ర ప్రభుత్వాన్ని మాత్రమే కట్టడి చేస్తుంది, పక్కమనిషి నుంచి నిన్ను కాపాడదు అని తేల్చింది. నల్లవాడికి కాగితం మీద హక్కు, తెల్లవాడికి చేతిలో తుపాకీ మిగిలాయి. కారంచేడు, చుండూరు కేసులు కోర్టుల మెట్లెక్కి దిగడం చూసిన మనకు ఇది కొత్త కథేమీ కాదు.

ఆ తర్వాత కూడా లైసెన్సు పుస్తకం అదే పని చేసింది. 1956లో అలబామాలోని మాంట్‌గోమరీలో తన ఇంటి మీద బాంబు వేశాక మార్టిన్ లూథర్ కింగ్ తుపాకీ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టుకున్నాడు. ఇవ్వలేదు. అహింసకు ప్రపంచమంతా ఉదాహరణగా చూపే మనిషికే ఆత్మరక్షణ లైసెన్సు దొరకలేదు. 1964లో లూసియానాలోని జోన్స్‌బరోలో నల్ల కార్మికులు డీకన్స్ ఫర్ డిఫెన్స్ పేరుతో సంఘం కట్టి, పౌరహక్కుల కార్యకర్తలకు రాత్రిపూట కాపలా కాశారు. అహింసా ఉద్యమం వెనక ఈ కాపలా కూడా ఉందన్న సంగతి పాఠ్యపుస్తకాల్లో కనబడదు.

చట్టం కోరిన వాళ్లూ వాళ్లే

ఇంతవరకు చదివి, అయితే తూటాల రిజిస్టరు నల్లవాళ్ల మీద కుట్రే అనుకుంటే పొరపాటు. చరిత్ర అంత సులువుగా ఒకవైపు ఒరగదు.

లాస్ ఏంజెలెస్ పక్కనున్న పాసడీనాలో 1993 హాలోవీన్ పండుగ రాత్రి, విందు నుంచి ఇంటికి నడిచిపోతున్న ముగ్గురు పిల్లలను కాల్చి చంపారు. వాళ్లకు ఏ ముఠాతోనూ సంబంధం లేదు. ఆ దుఃఖంలోంచే 1995లో తూటాలు కొనేవాళ్ల వివరాలు రాసుకోవాలనే చట్టం ఆ నగరంలో వచ్చింది. 1998లో లాస్ ఏంజెలెస్ అదే దారి పట్టింది. తర్వాత శాక్రమెంటో. అమెరికా జనాభాలో నల్లవాళ్లు వందకు పదమూడు, పద్నాలుగు మందే. తుపాకీతో హత్యకు గురయ్యేవాళ్లలో సగానికి పైగా వాళ్లే. బిడ్డను పూడ్చిపెట్టిన తల్లి, ఆ తూటా ఎవడు అమ్మాడు, ఎవడు కొన్నాడు అని అడగడంలో తప్పేముంది? ఆమెకు 1865 చరిత్ర చెప్పి నోరు మూయించే అధికారం ఎవరికీ లేదు.

చర్చలో రెండు పక్షాల వాదాలూ బలమైనవే. కేంద్ర చట్టమే 1968లో తూటాల అమ్మకాలను రాసుకోమన్నది, ఆ కాగితాల వల్ల నేరాలు పట్టుబడిందేమీ లేదని 1986లో ఆ నిబంధననే ఎత్తేశారు గదా, మళ్లీ ఎందుకన్నారు వ్యతిరేకులు. నగరం పొలిమేర దాటి పక్క ఊళ్లో కొనుక్కుంటే మీ రిజిస్టరు ఏం చేస్తుందన్నారు. నేరస్తుడు ఎవడైనా వేలిముద్ర ఇచ్చి తూటా కొంటాడా అన్నారు.

ఈ చివరి ప్రశ్నకు జవాబు లెక్కల్లో దొరికింది. లాస్ ఏంజెలెస్ రిజిస్టర్లను పరిశోధకులు పరిశీలించారు. 2004 ఏప్రిల్, మే నెలల్లో 2,031 మంది 4,36,956 తూటాలు కొన్నారు. వీళ్లలో 52 మందికి, అంటే నూటికి 2.6 మందికి, చట్టప్రకారం తూటాలు కొనే అర్హతే లేదు. ఆ 52 మంది కొన్నవి 10,050 తూటాలు. అంటే నేరస్తుడు వేలిముద్ర ఇచ్చి మరీ కొంటున్నాడు, ఎందుకంటే ఆ పుస్తకం ఎవడూ తెరిచి చూడడని అతనికి నమ్మకం. శాక్రమెంటోలో పుస్తకం తెరిచి చూశారు. మొదటి ఏడాదిలోనే అర్హత లేని 156 మంది దొరికారు, సోదాల్లో 84 తుపాకులు పట్టుబడ్డాయి.

కాబట్టి రిజిస్టరు పనిచేయదనే మాట నిలబడదు. చదివేవాడుంటే పనిచేస్తుంది. కానీ అసలు ప్రశ్న ఆ తర్వాత మొదలవుతుంది. అర్హత లేనివాడు అంటే ఎవడు? ఎక్కువమంది ఇదివరకే శిక్ష పడినవాళ్లు. శిక్ష ఎవరికి పడుతుంది? ఒకే రకం మత్తుమందు కేసులో తెల్ల కుర్రవాడిని మందలించి వదిలేసి, నల్ల కుర్రవాడిని జైలుకు పంపే పోలీసు, కోర్టు వ్యవస్థ తయారుచేసిన జాబితా అది. కొత్త పుస్తకంలో రంగు అనే గడి లేకపోవచ్చు. కానీ దాన్ని పోల్చి చూసే పాత పుస్తకం రంగును బట్టే నిండింది. 1865 ఈ దారిన 2008లోకి వచ్చింది.

2016లో కాలిఫోర్నియా ప్రజలు 63వ ప్రతిపాదనకు ఓటేసి, ఈ పద్ధతిని రాష్ట్రమంతటికీ విస్తరించారు. 2019 జూలై నుంచి తూటా కొనాలంటే ముందు నేపథ్య తనిఖీ జరగాలి. మొదటి నెలల్లోనే అర్హత లేనివాళ్లు నూరుమందికి పైగా ఆగిపోయారు. రికార్డుల్లో పేరో చిరునామానో సరిపోక అర్హత ఉన్నవాళ్లు వేలకొద్దీ వెనక్కి పోయారు. ఒలింపిక్ షూటర్ కిమ్ రోడ్ మొదలైనవాళ్లు కోర్టుకు పోయారు. 2024 జనవరిలో కేంద్ర జిల్లా జడ్జి, 2025 జూలైలో అప్పీళ్ల కోర్టులో ముగ్గురు జడ్జిల ధర్మాసనం ఇద్దరి మాటగా ఈ చట్టం చెల్లదన్నారు.

ఈ కేసులో ఒక విషయం మాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది. 2022లో అమెరికా సుప్రీంకోర్టు, ఇప్పటి ఆయుధ చట్టం నిలవాలంటే దానికి దేశ చరిత్రలో పోలిక చూపాలని తీర్పిచ్చింది. దాంతో కాలిఫోర్నియా ప్రభుత్వం పాత చట్టాల పట్టికను కోర్టు ముందు పెట్టాల్సి వచ్చింది. ఆ పట్టికలో బానిసలకూ, ఆదివాసులకూ ఆయుధాలు అందకుండా చేసిన చట్టాలు కూడా ఉన్నాయి. జడ్జి దాన్నే ఎత్తిచూపాడు. నల్ల పిల్లలు చావకుండా చూడాలని చేసిన చట్టాన్ని కాపాడడానికి, నల్లవాళ్లను నిరాయుధులను చేసిన చట్టాలను చూపించుకోవాల్సిన గతి పట్టింది. బానిసత్వం మీద కట్టిన చట్ట వ్యవస్థలో పూర్వ ఉదాహరణ వెతికితే దొరికేది బానిసత్వమే. మన కోర్టులు శాస్త్రాన్నీ ఆచారాన్నీ తవ్వి తీసినప్పుడు దొరికేది కూడా అదే జాతి సరుకు.

మన రిజిస్టరు

ఇక మన దేశానికి వద్దాం. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ ఏర్పడినప్పుడు ఆక్‌లాండ్ పేరును తీసుకున్నారు. కానీ ఆక్‌లాండ్ పాంథర్లకు ఉన్న తుపాకీ హక్కు అనే ప్రశ్న ఇక్కడ తలెత్తలేదు. ఎందుకంటే ఆ హక్కు ఇక్కడ ఎన్నడూ మనది కాదు.

వైస్రాయ్ లిట్టన్ కాలంలో 1878లో వచ్చిన ఆయుధ చట్టం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసింది. దాని నిబంధనలు యూరోపియన్లను మినహాయించాయి. జాతీయ కాంగ్రెస్ తొలి సంవత్సరాల్లోనే ఈ చట్టాన్ని సడలించమని తీర్మానాలు చేసింది. పెద్దమనుషుల గౌరవానికి భంగమని వాళ్ల బాధ. సరిగ్గా ఆ కాలంలోనే, 1890ల మొదట్లో, తరతరాలుగా బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన మహర్లను 'యుద్ధ జాతి' కాదని భర్తీ ఆపేశారు. 1894లో గోపాల్ బాబా వలంగ్‌కర్ దాని మీద అర్జీ రాశాడు. పెద్దమనుషులు ఇంట్లో తుపాకీ అడిగినప్పుడు అస్పృశ్యులు కనీసం సిపాయి తుపాకీ అడుగుతున్నారు. మొదటిది జాతీయోద్యమ చరిత్రకెక్కింది. రెండోది మహర్ల చరిత్రగానే మిగిలింది.

మినహాయింపు అన్నది తెల్లదొరలతో పోలేదు. కొడగు సంగతి చూడండి. 1861లో మార్క్ కబ్బన్ కొడవలకు ఆయుధ నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చాడు. స్వతంత్ర భారత ప్రభుత్వం 1963లో దాన్ని కొనసాగించింది. 2019లో మళ్లీ 2029 దాకా పొడిగించింది. కర్ణాటక హైకోర్టు 2021లో సమర్థించింది. పుట్టుకతో కొడవలైనవాళ్లకూ, జమ్మా భూమి ఉన్నవాళ్లకూ లైసెన్సు అక్కర్లేదు. ఒకటి పుట్టుక, ఇంకొకటి భూమి. అవే కాఫీ తోటల్లో తరాలుగా వెట్టి చేసిన ఎరవలకు అందులో చోటు లేదు. చట్టం ముందు అందరూ సమానమన్న 14వ అధికరణ పక్కనే ఈ మినహాయింపు బతుకుతున్నది.

1959 ఆయుధ చట్టం 13వ సెక్షను చదివితే భూమికీ తుపాకీకీ ఉన్న చుట్టరికం ఇంకా తేటగా కనబడుతుంది. ఆత్మరక్షణకో, క్రీడకో, పంట కాపలాకో తుపాకీ లైసెన్సు ఇవ్వొచ్చు. పంట కాపలా అంటే పంట ఉన్నవాడికి. కూలీకి కాపలా కాసుకోడానికి ఏముంది, తన ఒళ్లు తప్ప? దరఖాస్తు మీద దగ్గర్లోని పోలీసు స్టేషన్ అధికారి నివేదిక రాయాలి. ఆ స్టేషన్‌లో మన పేరు ఫిర్యాదిదారుగా ఎక్కించడానికే ఎంత పోరాడాలో వాడలో ఎవర్నడిగినా చెప్తారు.

లైసెన్సున్నవాడు ఏడాదికి ఎన్ని తూటాలు కొనాలో మన దగ్గర లైసెన్సు మీదే రాసి ఉంటుంది. అమ్మే డీలరు రిజిస్టరు రాయాలి, అధికారులకు చూపాలి. అంటే పాసడీనా 1995లో, శాక్రమెంటో 2007లో పోట్లాడి తెచ్చుకున్న పుస్తకం మన ప్రతి జిల్లాలో ఎప్పట్నుంచో ఉంది. దాని మీద ఒక్క బహిరంగ చర్చ లేదు. ఎందుకు లేదు? అందులో మన పేర్లు లేవు కాబట్టి. మన పేర్లున్న పుస్తకం వేరు.

వేలిముద్రల పుస్తకం

1871లో నేరస్త తెగల చట్టం వచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించింది. ఫలానా తెగలో పుట్టడమే నేరమని తేల్చి, మనుషుల పేర్లు రిజిస్టరులో ఎక్కించి, వేలిముద్రలు తీసుకున్నారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురంలో ఎరుకలవాళ్లను సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో పెట్టింది ఆ కాలంలోనే. దేశమంతటా ఈ చట్టం 1952లో రద్దయింది. కానీ స్టేషన్ గోడ మీద ఫొటోలు, ఊళ్లో దొంగతనం జరిగితే ముందు తలుపు తట్టే అలవాటు రద్దు కాలేదు.

ఈ దేశంలో రెండు రకాల పుస్తకాలున్నాయి. ఆయుధం ఉన్నవాడిది మర్యాద పుస్తకం, అందులో సంతకం ఉంటుంది. ఆయుధం లేనివాడిది అనుమానం పుస్తకం, అందులో వేలిముద్ర ఉంటుంది. సంపన్నుడు తుపాకీ కొంటే అతని ఎస్టేటు చూసి రాస్తారు. పేదవాడు పుట్టగానే అతని తెగ చూసి రాశారు. కాలిఫోర్నియా నగరాల చట్టాలను మేము ఆసక్తిగా చూడడానికి కారణం ఇదే. తూటా కొనే ప్రతివాడూ, మిలియనీరు అయినా సరే, బొటనవేలు సిరాలో ముంచాల్సిందేనని అవి అన్నాయి. పుట్టుకను కాకుండా సరుకును రాసే పుస్తకం తెరిచాయి. పాత జాబితాల మరక దానికీ అంటిందన్నది నిజమే. అయినా దిశ వేరు.

అయితే తుపాకులు కావాలా?

మేము తుపాకులు కోరుతున్నామని కొందరు వక్రీకరించొచ్చు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపడానికి తూటాలు అవసరం కాలేదు. గొడ్డళ్లు, బరిసెలు, ఇనుప రాడ్లు సరిపోయాయి. వాటిని పట్టుకున్న చేతుల వెనక భూమి, కులం, స్టేషన్ ఉన్నాయి. తూటా ఒక్కటీ అందిస్తే ఆ బలం సమానం కాదు. అట్లాగని ఆయుధాల లెక్క మనకెందుకని వదిలేయడమూ కుదరదు. బీహార్‌లో రణవీర్ సేన 1996 జూలైలో బథానీ టోలాలో 21 మందిని, 1997 డిసెంబరు 1న లక్ష్మణ్‌పూర్ బాథేలో 58 మందిని చంపింది. భూస్వామి ఇంట్లో ఏ తుపాకీ ఉంది, దానికి ఎన్ని తూటాలు పోయాయి అన్నది అక్కడి కూలీలకు చావుబతుకుల ప్రశ్న.

కారంచేడు, చుండూరు ఉద్యమాల వేడిలోంచి వచ్చిన హక్కు ఒకటి పుస్తకంలో నిద్రపోతున్నది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నిబంధనల్లో మూడోది చదవండి. అత్యాచారాలు జరిగే అవకాశమున్న ప్రాంతాలను ప్రభుత్వం గుర్తించాలి. అవసరమనిపిస్తే అక్కడ ఎస్సీ, ఎస్టీలు కాని వాళ్ల ఆయుధ లైసెన్సులు రద్దుచేసి, ఆయుధాలను ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. అక్రమ ఆయుధాలు స్వాధీనం చేసుకోవాలి. అవసరమనిపిస్తే ఎస్సీ, ఎస్టీలకు లైసెన్సులు ఇవ్వాలి. మనువు శస్త్రాన్ని పంచిన పద్ధతికి ఇది సరిగ్గా తలకిందులు. ఈ దేశంలో ఏ శాసనకర్త చేసిన నిబంధనైనా ఇంత సూటిగా వర్ణధర్మానికి ఎదురు నిలబడిందా అని మాకు అనుమానమే.

దీన్ని అమలు చేయాల్సింది ఎవరు? ఆయుధ లైసెన్సు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టరు. అత్యాచారాల చట్టం అమలును చూసే జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీకి అధ్యక్షుడూ కలెక్టరే. ఈ కమిటీ మూడు నెలలకు ఒకసారైనా కూర్చోవాలని 17వ నిబంధన చెప్తుంది. రెండు పుస్తకాలూ ఒకే బల్ల మీద ఉన్నాయి. ఒక సొరుగులో లైసెన్సుల చిట్టా, ఇంకో సొరుగులో అత్యాచారాల చిట్టా. రెండిటినీ పక్కపక్కన పెట్టి చదవమని అడిగేవాళ్లు కావాలి. శాక్రమెంటోలో జరిగిందల్లా అంతే, రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చదివారు.

కాబట్టి కమిటీలో కూర్చునే మన సభ్యులు తర్వాతి సమావేశంలో అడగాల్సింది చిన్న ప్రశ్న. జిల్లాలో అత్యాచారాల కేసులున్న మండలాల్లో ఎవరెవరికి ఆయుధ లైసెన్సులున్నాయి? పోయినేడు ఎన్నెన్ని తూటాలు కొన్నారు? ముద్దాయిల పేర్లు, వాళ్ల చుట్టాల పేర్లు అందులో ఉన్నాయా? ఉంటే మూడో నిబంధన కింద ఏం చేశారు? జవాబు కాగితం మీద రావాలి, కమిటీ మినిట్స్‌లోకి ఎక్కాలి.

నల్లవాళ్ల పోరాటం మనకు నేర్పేది తుపాకీ పట్టమనీ కాదు, వదలమనీ కాదు. తమను రాసిన ప్రతి పుస్తకాన్నీ వాళ్లు తిరిగి చదివారు, ఎవరు రాశారు, ఎవర్ని వదిలేశారు అని నిలదీశారు. ఇన్నాళ్లూ మన వేళ్లు సిరాలో ముంచి పుస్తకాలు నింపారు. ఇప్పుడు మన పిల్లలకు చదువొచ్చింది. ఆ పుస్తకాలు తెరిచి చదవాల్సిన పని మనదే.